పాయింట్లు సరే, పాఠం ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు సీడీఈ (వృత్తిలో ఉంటూనే కొనసాగించే దంత వైద్య విద్య) పాయింట్లు చూపాలి కాబట్టి దంత వైద్యుల ఫోన్లకు వెబినార్ ఆహ్వానాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఎన్ని పాయింట్లు, ఎంత ఫీజు, సర్టిఫికెట్ ఎప్పటికి చేతికొస్తుంది అనేవి పెద్ద అక్షరాల్లో ఉంటాయి. పాఠం చెప్పేవారికీ సరుకు అమ్మే కంపెనీకీ సంబంధమేమిటి, చెప్పే మాటకు ఆధారమేమిటి అన్నవి చాలావాటిలో అసలు ఉండవు. టెక్కలిలోనో బొబ్బిలిలోనో చీపురుపల్లిలోనో ఒక్క కుర్చీతో క్లినిక్ నడిపే డాక్టరుకు సందేహమొస్తే పక్క గదిలో అడగడానికి సీనియర్ ఉండరు. ఎప్పుడో విన్న తప్పు మాట దిద్దేవాళ్లు లేక ఏళ్ల తరబడి మందుల చీటీల మీద నడుస్తుంది. అందుకే పాయింట్ల కన్నా ముందు, ఏ పాఠాన్ని నమ్మాలో తేల్చుకునే పద్ధతి గురించి మాట్లాడుకోవాలి. ఈ ఉత్తరం ముఖ్యంగా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువ దంత వైద్యుల కోసం. రోగులు చదివినా మేలే, ‘ఈ మందు ఎందుకండీ’ అని అడగడానికి పనికొస్తుంది.

పాఠం పాతబడిందో లేదో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. చిగుళ్ల వ్యాధిని ఇంకా ‘క్రానిక్’, ‘అగ్రెసివ్’ అని విడదీసి చెబుతున్నారంటే ఆ స్లైడ్లు 2018కి ముందువి. 2017 ప్రపంచ వర్క్‌షాప్ తర్వాత 2018లో అచ్చయిన వర్గీకరణలో స్టేజీలు నాలుగు, గ్రేడులు మూడు. వ్యాధి ఎంత ముదిరిందో స్టేజి చెబుతుంది, ఎంత వేగంగా ముదురుతోందో గ్రేడు చెబుతుంది. రోజుకు పది, అంతకుమించి సిగరెట్లు కాల్చేవారు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 7 శాతం, ఆపైన ఉన్న షుగరు రోగులు అన్నిటికన్నా వేగమైన గ్రేడు సీలోకి వెళ్తారు. అలాగే గుండె కవాటం మార్పించుకున్న రోగికి పన్ను తీసే ముందు, గుండెకు ఇన్ఫెక్షన్ సోకకుండా, పెన్సిలిన్ పడకపోతే క్లిండామైసిన్ ఇవ్వమనే పాఠం 2021కి ముందుది. ఆ ఏడాది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ క్లిండామైసిన్‌ను జాబితా నుంచి తీసేసింది. పేగుల్లో వచ్చే తీవ్రమైన విరేచనాల ఇన్ఫెక్షన్ లాంటి దుష్ఫలితాలు మిగతా మందుల కన్నా దీనితో ఎక్కువ కావడమే కారణం. మామూలుగా ఇచ్చేది పెద్దవాళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, చికిత్సకు 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కసారే. అది పడనివారికి అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. గానీ డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. గానీ ఇస్తారు. ఈ రెండు చోట్లా పాత మాట చెప్పిన వక్త మిగతా చోట్ల కొత్త మాట చెబుతారని ఆశపడలేం.

పన్ను పోటుతో వచ్చిన ప్రతి ఒక్కరికీ ఐదు రోజుల యాంటీబయాటిక్ రాయడమన్నది మరొక పరీక్ష. పంటి లోపలి గుజ్జు వాచి నొప్పి పెడుతున్నప్పుడు, బయటికి చీము, వాపు, జ్వరం లేనప్పుడు యాంటీబయాటిక్ ఆ నొప్పిని తగ్గించదు. గట్టి గోడల మధ్య వాచిన గుజ్జుకు చోటు లేకపోవడమే అక్కడి బాధ. పన్ను తెరిచి గుజ్జు తీస్తేనో, పన్నే తీస్తేనో అది పోతుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకం ఈ మాటే చెప్పింది. పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షలో దీనికి దొరికింది నలభై మందిపై పెన్సిలిన్‌నూ ఉత్తుత్తి మాత్రనూ పోల్చిన ఒక్క ట్రయలే. నొప్పిలో తేడా కనబడలేదు. నలభై మందితో ఏం తేలుతుందని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆధారం బలంగా లేదని ఆ సమీక్షే తనంతట తాను రాసుకుంది. నమ్మదగిన మూలానికి మా దృష్టిలో మొదటి గుర్తు అదే: తనకు ఎంతవరకు తెలుసో, ఎక్కడ తెలియదో చెప్పడం. అన్నీ ఖాయంగా చెప్పే వక్త దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఇక మంచి మూలమే అయినా మన క్లినిక్‌కు అచ్చంగా సరిపోతుందనుకోకూడదు. మత్తు ఇంజెక్షన్ సంగతే చూడండి. అమెరికా పుస్తకాలు, అక్కడి వీడియోలు లిగ్నోకెయిన్‌ను కార్ట్రిడ్జిల్లో లెక్కిస్తాయి. ఒక్కోటి సుమారు 1.8 మి.లీ., అందులో రక్తనాళాలను కుదించే ఎడ్రినలిన్ 1:1,00,000. మన దగ్గర ఎక్కువగా వాడేది 30 మి.లీ. సీసా, 2 శాతం లిగ్నోకెయిన్, ఎడ్రినలిన్ 1:80,000, సిరంజి 2 మి.లీ.ది. తీవ్రమైన గుండె జబ్బున్న రోగికి ఒక సిట్టింగులో ఎడ్రినలిన్ 40 మైక్రోగ్రాములు దాటనివ్వొద్దని పుస్తకాలు చెబుతాయి. ‘రెండు కార్ట్రిడ్జిలు పర్వాలేదు’ అన్న వీడియో మాట అక్కడికి సరిపోతుంది, ఎందుకంటే 3.6 మి.లీ.లో ఉండేది 36 మైక్రోగ్రాములే. అదే 3.6 మి.లీ. మన సీసాలోంచి తీస్తే 45 అవుతుంది. మన మందుతో ఆగాల్సింది 3.2 మి.లీ. దగ్గర. రెండు సిరంజిలు నిండా ఎక్కిస్తే 50. పిల్లల విషయంలో ఇంకా ప్రమాదం. పిల్లల దంత వైద్యుల అమెరికన్ అకాడమీ హద్దు కిలోకు 4.4 మి.గ్రా. పదిహేను కిలోల పిల్లకు అది 66 మి.గ్రా., అంటే మన సీసాలోంచి 3.3 మి.లీ. పెద్దవాళ్ల హద్దు కిలోకు 7 మి.గ్రా. కదా అని దాన్నే పిల్లకూ లెక్కగడితే 5 మి.లీ. దాటిపోతుంది. వక్త మోతాదు చెప్పినప్పుడు సీసా పట్టుకుని, బరువుతో గుణించి, మి.లీ.లలోకి మార్చి చూడాలి. లెక్క కుదరకపోతే చాట్‌లో అక్కడికక్కడే అడగాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం పేరెత్తకుండా శ్రీకాకుళం జిల్లాలో నొప్పి మందుల పాఠం పూర్తికాదు. పంటి నొప్పికి అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో ఇచ్చిన మార్గదర్శకం ఓపియాయిడ్లను (నల్లమందు జాతి నొప్పి మందులను) పక్కనపెట్టి, ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. లాంటి మందును ఒంటరిగా గానీ పారాసిటమాల్ 500 మి.గ్రా.తో కలిపి గానీ ముందుగా వాడమంది. మంచి మార్గదర్శకమే, దాని వెనక పనీ గట్టిదే. కానీ అది ఆ మందు వాడకూడని జబ్బులేవీ లేని రోగి గురించి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస నుంచి వచ్చే రోగి దగ్గర ఆ ‘ఏవీ లేని’ అన్న మాటే ముందు తేలాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, కీటోరోలాక్ అన్నీ ఒకే కోవ. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను ఇవి ఆపేస్తాయి. ఆరోగ్యవంతుడు తట్టుకుంటాడు. అప్పటికే కిడ్నీ బలహీనపడినవారికి, కొబ్బరి, జీడి తోటల్లో ఎండన పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవారికి నాలుగైదు మాత్రలే చేటు చేయొచ్చు. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపదు కాబట్టి ‘నాకేం జబ్బు లేదు బాబూ’ అన్న రోగి మాట ఒక్కటే చాలదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) ఎంత, ఏ తేదీన చేయించారు అని కేసుషీటులో ఒక గడి పెట్టుకోవాలి. వయసు, ఆడా మగా కలిపి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) లెక్కించే ఉచిత కాలిక్యులేటర్లు ఫోన్లోనే ఉన్నాయి. రిపోర్టు లేకపోతే పారాసిటమాల్‌తో మొదలుపెట్టి, అదే రోజు పన్ను తెరవాలి. నొప్పికి అంతకు మించిన మందు లేదు. పారాసిటమాల్ అనుకుని రాసే కాంబినేషన్ మాత్రల్లో చాలావాటిలో ఎసిక్లోఫినాక్ కలిసి ఉంటుంది కనుక స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవాలి. అమాక్సిసిలిన్ కూడా కిడ్నీ ద్వారానే పోతుంది, ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తగ్గితే మోతాదు మార్చాలి. డయాలసిస్ రోగికి పన్ను తీయడం డయాలసిస్ అయిన మర్నాడు మంచిది, అందులో ఇచ్చిన, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ప్రభావం అప్పటికి పోయి ఉంటుంది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. అక్కడి నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) ఒకరు జిల్లా దంత వైద్యులకు చెప్పే గంట పాఠం, ఏ ఖరీదైన హోటల్లో రోజంతా జరిగే సదస్సుకన్నా మన రోగులకు ఎక్కువ పనికొస్తుంది.

బ్రిటన్ పరిశోధనదీ ఇదే సంగతి. అక్కడ క్రమం తప్పకుండా దంత వైద్యుడి దగ్గరకు వెళ్లే, ముదిరిన చిగుళ్ల వ్యాధి లేని పెద్దవాళ్లలో మామూలు స్కేలింగ్ (పళ్ల గార తీయడం) రెండు మూడేళ్లలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదని 2018 కాక్రేన్ సమీక్ష తేల్చింది. దీన్ని చదివి ‘స్కేలింగ్ దండగ’ అని వీడియోలు చేసినవాళ్లున్నారు. జీవితంలో మొదటిసారి కుర్చీ ఎక్కిన, పళ్ల వెనక గార గోడ కట్టిన రోగి ఆ ట్రయళ్లలో లేడు.

మన జిల్లా గురించి మంచి పరిశోధనే లేదనుకోవడమూ తప్పే. చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగపై పిండ్‌బోర్గ్, మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, అంగిలి మీద వచ్చే మార్పులను 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించారు. పూర్తి పాఠం ఇప్పుడు ఉచితంగా చదువుకోవచ్చు. నోటి క్యాన్సర్ గురించి విదేశీ పాఠాలు నాలుక అంచును, నాలుక కింది భాగాన్ని చూడమంటాయి. ఇక్కడ చుట్ట అలవాటున్న అవ్వ వస్తే కట్టుడు పళ్లు తీయించి, అద్దం పెట్టి అంగిలి మొత్తం చూడకుండా పంపకూడదు.

వెతకడానికి ఒక వరస ఉంది. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోవాలి: రోగి ఎవరు, ఏం చేద్దామనుకుంటున్నాం, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం. ‘రూట్ కెనాల్‌కు ఏది మంచిది’ అని వెతికితే ప్రకటనలే దొరుకుతాయి. ప్రశ్న కుదిరాక మార్గదర్శకాలు చూడాలి. స్కాట్లాండ్ దంత వైద్య మార్గదర్శక సంస్థ ఎస్‌డీసీఈపీ, యూరోపియన్ పెరియోడాంటాలజీ ఫెడరేషన్, యూరోపియన్ ఎండోడాంటిక్ సొసైటీ మార్గదర్శకాలు డబ్బు కట్టకుండానే చదవొచ్చు. అక్కడ లేకపోతే కాక్రేన్. పూర్తి సమీక్ష తెరుచుకోకపోయినా సారాంశం, మామూలు మాటల్లో రాసిన సంగ్రహం ఎప్పుడూ ఉచితమే. అప్పటికీ దొరక్కపోతే వైద్య పరిశోధన పేపర్లను వెతికే ఉచిత వెబ్‌సైటు పబ్‌మెడ్‌లో వెతికి, పక్కనున్న ఫిల్టర్లలో సిస్టమాటిక్ రివ్యూ, రాండమైజ్డ్ ట్రయల్ టిక్కు పెట్టి, గత ఐదేళ్లకు కుదించుకోవాలి. అలవాటయ్యాక ఇరవై నిమిషాల పని. నరం ఎక్కడినుంచి పోతుంది, వేరులో ఎన్ని కాలువలు అనే ప్రశ్నలకు ఇదంతా అక్కర్లేదు, కాలేజీలో కొన్న పాఠ్యపుస్తకమే చాలు. మందుల మోతాదుకు, మెటీరియళ్లకు మాత్రం పుస్తకం ఏ ఎడిషనో, ఏ ఏడాదో చూడకుండా నమ్మొద్దు.

పబ్‌మెడ్‌లో కనబడినంత మాత్రాన జర్నల్ గట్టిదని కాదు. పబ్‌మెడ్ పెద్ద గోదాము, మెడ్‌లైన్ అందులో ఎంచి పెట్టిన గది. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే ప్రస్తుతం మెడ్‌లైన్‌లో ఉందో లేదో ఒక వరుసలో రాసి ఉంటుంది. పత్రికల గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు నాణ్యతకు గుర్తు కాదు, పత్రిక పెట్టిన ఎవరికైనా ఇస్తారు. జర్నల్ పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అసలుది క్లారివేట్ సంస్థ ఇచ్చేదొక్కటే. దాన్ని పోలిన పేర్లతో వచ్చేవి కొనుక్కున్న అంకెలు కావచ్చు. మూడు రోజుల్లో సమీక్ష పూర్తిచేస్తామని, దంత వైద్యం నుంచి వ్యవసాయం దాకా అన్నీ ఒకే సంచికలో వేస్తామని వచ్చే మెయిల్‌ను తెరవకుండా తీసేయాలి. ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక జర్నళ్ల సంస్థను, నిపుణుల సమీక్ష లేకుండానే ఉందని చెప్పుకుందని, ఫీజులు దాచిందని, సదస్సులకు రాని వక్తల పేర్లు వేసుకుందని అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. యూజీసీ తాను ఆమోదించిన జర్నళ్ల ‘కేర్’ జాబితాను 2025లో ఆపేశాక జల్లెడ పట్టే బాధ్యత చదివేవాళ్ల మీదే పడింది. చదవదగిన మన జర్నళ్లు ఉన్నాయి: ఇండియన్ జర్నల్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్, పిల్లల దంత వైద్య సంఘం వారి జర్నల్, చిగుళ్ల వ్యాధుల సంఘం వారిది. అన్నీ ఉచితమే. ట్రయల్ మన దేశంలో జరిగిందైతే సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయళ్ల రిజిస్ట్రీ) నంబరు ఉండాలి. ఆ నంబరు కొట్టి, మొదట కొలుస్తామన్న ఫలితమూ చివరికి అచ్చేసిన ఫలితమూ ఒకటేనా అని చూడండి. రెండూ వేరైతే ఆ పేపరును పక్కన పెట్టొచ్చు.

అంకెల దగ్గర ఒక్క మాట. పవర్ బ్రష్ మామూలు బ్రష్‌ కన్నా మూడు నెలలు దాటాక పాచిని 21 శాతం తగ్గించిందని 2014 కాక్రేన్ సమీక్ష రాసింది. అమ్మేవారి స్లైడు అక్కడే ఆగుతుంది. పాచి తగ్గడం వేరు, పన్ను నిలవడం వేరు. పళ్లు నిలిచాయో లేదో ఆ ట్రయళ్లు కొలవలేదు. పంటికి ఫిల్లింగును అతికించే బాండింగ్ మెటీరియళ్లకు చూపించే మెగాపాస్కల్ (పట్టు బలం) అంకెలూ అంతే. అవి ల్యాబులో పీకిన పంటి మీద, ఉమ్మి తగలకుండా తీసినవి.

ఇంప్లాంట్ వర్క్‌షాపులకు డబ్బు కట్టే ముందు అడగాల్సినవి వేరు. చేతిపని మోడల్ మీదా, మేక దవడ మీదా, రోగి మీదా? రోగి మీదైతే ఆ రోగికి ఆర్నెల్ల తర్వాత ఇబ్బంది వస్తే చూసేదెవరు? కిట్ కొనడం తప్పనిసరా? విఫలమైన కేసులు చూపిస్తారా, ఎన్నేళ్ల ఫాలోఅప్‌తో? డ్రిల్ వేడికి ఎముక 47 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉంటే దెబ్బతింటుందని 1980ల్లో కుందేళ్లపై తేలింది. డ్రిల్ వేగం, సెలైన్ ధార, డ్రిల్ ఎన్ని కేసుల తర్వాత మొద్దుబారుతుంది అన్నవాటి గురించి గంట కూడా కేటాయించని కోర్సు శస్త్రచికిత్స నేర్పేది కాదు, సరుకు అమ్మేది. ఇక్కడ స్పాన్సర్ ఉండటమే నేరమని మేం అనం. కంపెనీ మనిషికి తన మెటీరియల్ ఎలా కలపాలో మనకన్నా బాగా తెలుసు, ఆ సంగతి ఆయన్నే అడగాలి. ఎప్పుడు వాడాలో మాత్రం ఆయన్ను అడగకూడదు. వక్తలు కాని డాక్టర్లకు ప్రయాణం, హోటల్ ఖర్చులు మందుల కంపెనీలు భరించకూడదని 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం తెచ్చిన నియమావళిలోనే ఉంది.

కృత్రిమ మేధ చాట్‌బాట్లు ఇచ్చే సమాధానాల కింద పేపర్ల పేర్లు అందంగా ఉంటాయి. వాటిలో కొన్ని లోకంలో లేనివి. ఒక్కో పేపరుకు పబ్‌మెడ్ నంబరు అడిగి, ఆ నంబరు కొట్టి చూడాలి. తెరిచిన పేజీ పైన ‘ఉపసంహరించారు’ అన్న గుర్తు ఉందేమో కూడా చూడాలి.

1948 నాటి దంత వైద్యుల చట్టం స్థానంలో జాతీయ దంత వైద్య కమిషన్ కోసం పార్లమెంటు 2023లో చట్టం చేసింది. నియమాలు కొత్తగా రాసే కాలమిది కనుక పాయింట్లు ఇచ్చే ముందు ప్రతి ఆహ్వానం మీద మూడు విషయాలు ఉండాలని పట్టుబట్టాలి: ఖర్చు ఎవరిది, వక్తకు ఏ కంపెనీతో ఏ సంబంధం, పాఠానికి ఆధారమైన మార్గదర్శకం పేరు, ఏడాది. శ్రీకాకుళంలో దంత వైద్య కళాశాల ఉంది, విశాఖ వైపు మరికొన్ని ఉన్నాయి. నెలకో ఆదివారం లైబ్రరీని బయటి క్లినిక్కుల డాక్టర్లకు తెరిచి, ఒక్క పేపరు పెట్టి గంటసేపు చదివిస్తే హాలు అద్దె, భోజనాల ఖర్చు ఏదీ అక్కర్లేదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఆరోగ్యం పేజీలో దంత వైద్య సలహా వేసినప్పుడు అది ఏ మార్గదర్శకం నుంచి, ఏ ఏడాదిది అన్నది కింద వేయండి. రాసిన డాక్టరు ఆ చికిత్సకు చెందిన కంపెనీ కోర్సులు చెబుతుంటే ఆ సంగతీ అక్కడే ఒక్క వాక్యంలో అచ్చు వేయండి.

ఇట్లు,
కొందరు దంత వైద్య అధ్యాపకులు,
శ్రీకాకుళం